నడి సముద్రంలో ఫోను మోగేదెట్లా?



ఆదివారం వస్తే మన హాస్టల్లో ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వార్డెన్ సారు గది ముందర వరస. ఉండేది ఒక్క ఫోను, మనమేమో ఇంతమందిమి. తలకు మూడు నిమిషాలు. అందులో "అమ్మా... వినపడతా ఉందా? ఆ... నేనే... ఏందీ?" అనే దానికే ఒక నిమిషం పోతుంది. కొండ మలుపులో ఊళ్ళు ఉన్నవాళ్ళ సంగతి ఇంకా కష్టం. అక్కడ అమ్మ ఇంట్లోనుంచి బయటికొచ్చి, చింతచెట్టు దాటి, గట్టు ఎక్కితే గానీ సిగ్నల్ అందదు. ఆమె గట్టు ఎక్కేలోగా మన మూడు నిమిషాలు అయిపోతాయి. వెనకాల ఉన్నోడు చొక్కా లాగుతాడు.

నేల మీద, అదీ టవర్లు ఉన్న దేశంలోనే మన అవస్థ ఇది. మరి చుట్టూ వేల కిలోమీటర్ల దాకా నేల అన్నదే కనపడని చోట, గాలిని నమ్ముకొని పోయే తెరచాప పడవలో ఉన్నవాళ్ళు ఇంటికి ఎట్లా మాట్లాడతారు? ఇంటర్నెట్ ఎట్లా చూస్తారు? ఆపద వస్తే ఎవరిని పిలుస్తారు? ఈ వారం పాఠం అదే.

మనది కొండల సీమ, మనకు సముద్రంతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. మన నెల్లూరు జిల్లాకు ఒక అంచున ఉదయగిరి దుర్గం ఉంటే ఇంకో అంచున సముద్రం ఉంది. ఆ ఒడ్డు ఊళ్ళనుంచి వచ్చి మనతో పక్క పరుచుకొని పడుకునే వాళ్ళున్నారు. వాళ్ళ నాయనలు బోట్ల మీదికి కూలికి పోతారు. కార్తీకంలో గాలి మొదలయితే ఆ పిల్లలు అన్నం సరిగా తినరు. కాబట్టి ఇది ఎవరో దొరల విహారం సంగతి కాదు.

ముందు మన తెలుగు అక్కలిద్దరి సంగతి చెప్పి మొదలు పెడతాను. భారత నౌకాదళానికి 'తారిణి' అనే తెరచాప పడవ ఉంది. గోవాలో కట్టారు. పొడవు 55 అడుగులు, అంటే మన భోజనాల హాలులో పట్టేటంత. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు ఆడ ఆఫీసర్లు ఆ పడవెక్కి గోవాలో బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం ఆమె, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు ఆమె. మిగతా వాళ్ళు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా. భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. 254 రోజులు. 21,600 నాటికల్ మైళ్ళు. దారిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా, మారిషస్‌లలో మాత్రమే ఆగారు.

(ఈ 21,600 అంకె చూస్తే మీకేమైనా తట్టిందా? భూగోళానికి 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 60 నిమిషాలు. 360ని 60తో హెచ్చవేసి చూడండి. ఒక నిమిషం చాపాన్నే ఒక నాటికల్ మైలు అన్నారు. 1,852 మీటర్లు. ఈ సంగతి పాఠం చివర మళ్ళీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.)

2017 దీపావళికి ముందు వాళ్ళు ఆస్ట్రేలియా దారిలో నడి సముద్రంలో ఉండగా ప్రధానమంత్రి ఢిల్లీ నుంచి వాళ్ళతో వీడియోలో మాట్లాడారు. మనిషి మొహం కనపడింది, మాట వినపడింది. టవరు లేదు, తీగ లేదు. ఇదెట్లా?

మామూలు ఫోను ఎందుకు పనికిరాదో ముందు చూద్దాము. మన చేతిలో ఫోను మాట్లాడేది దగ్గరలో ఉన్న టవరుతోనే. ఎంత మంచి టవరైనా ఒడ్డు నుంచి ఇరవై ముప్పై కిలోమీటర్లు పోయేసరికి చేతులెత్తేస్తుంది. కారణం, భూమి గుండ్రన. రేడియో తరంగం తిన్నగా పోతుంది, భూమి వంగిపోతుంది. పడవ మీద నిలబడిన మనిషికి నీటి అంచు అయిదు కిలోమీటర్ల దూరంలోనే కనిపిస్తుంది. అదే మనిషి ఉదయగిరి దుర్గం ఎక్కితే? ఆ కొండ ఎత్తు 3,000 అడుగుల పైమాటే. మబ్బు, మంచు లేకుంటే లెక్క ప్రకారం వంద కిలోమీటర్ల దాకా చూపు పారాలి. ఎంత ఎత్తుకు పోతే అంత దూరం కనపడుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మొత్తం పాఠం అర్థమైనట్టే. ఉపగ్రహం అంటే ఏమీ లేదు, ఆకాశంలో కట్టిన దుర్గం.

పడవల్లో వి.హెచ్.ఎఫ్. రేడియో అని ఒకటి ఉంటుంది. పోలీసోళ్ళ వాకీటాకీ లాంటిది. ఒక పడవనుంచి ఇంకో పడవకు పది ఇరవై మైళ్ళు పలుకుతుంది. దగ్గరున్న ఓడను పిలవడానికి ఈ రోజుకీ దాన్ని మించింది లేదు. కానీ దూరం పోతే అదీ మూగే.

ఇప్పుడు ఉపగ్రహాల సంగతి. ఇవి రెండు రకాల ఎత్తుల్లో ఉంటాయి. పక్కన బొమ్మ గీశాను, చూస్తూ చదవండి.

మొదటి రకం భూస్థిర ఉపగ్రహాలు. భూమధ్య రేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో అవీ అంతే వేగంగా తిరుగుతాయి కాబట్టి మన కంటికి ఒకే చోట నిలబడినట్టు ఉంటాయి. అంత ఎత్తు నుంచి చూస్తే భూమిలో మూడో వంతుకు పైనే కనపడుతుంది. అందువల్ల మూడు నాలుగు ఉంటే ధ్రువాల దగ్గర తప్ప భూమంతా అందుతుంది. ఓడల కోసమే 1979లో 'ఇన్మార్‌శాట్' అనే సంస్థను దేశాలన్నీ కలిసి పెట్టుకున్నాయి. చిక్కల్లా ఆ దూరమే. మన మాట పైకి పోయి కిందికి రావాలంటే 71,600 కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా పావు సెకను పడుతుంది. అవతల వాళ్ళ జవాబు రావడానికి ఇంకో పావు. అందుకని అలవాటు లేనివాళ్ళు మాట్లాడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. మన ఆదివారం ఫోన్ల లాగానే. అలవాటైనవాళ్ళు ఒక మాట చెప్పి, ఊపిరి పీల్చుకొని, అవతలివాళ్ళ మాట వింటారు.

రెండో రకం కింద తిరిగేవి. 'ఇరిడియం' ఉపగ్రహాలు 780 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మొత్తం 66. దగ్గరగా ఉన్నందువల్ల చేతిలో పట్టేటంత ఫోను చాలు. అయితే అవి నిలబడవు. వంద నిమిషాల్లో భూమిని ఒక చుట్టు చుట్టేస్తాయి. మన నెత్తిన ఒక ఉపగ్రహం ఉండేది పది నిమిషాల లోపే. అది దిగిపోతూ మన మాటను ఇంకో ఉపగ్రహానికి అప్పజెపుతుంది. రిలే పరుగులో కర్ర అందిస్తాము చూడండి, అట్లా. ఒక్కోసారి కర్ర జారినట్టు ఫోను తెగిపోతుంది కూడా. ఇవి ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి భూమ్మీద వీటికి అందని చోటు లేదు. ఈ సేవ 1998 నవంబరులో మొదలైంది. మరుసటి ఏడే ఆ కంపెనీ దివాలా తీసింది. ఎందుకంటే ఊళ్ళల్లో మామూలు సెల్‌ఫోన్లు వచ్చేశాయి, ఇంత ఖరీదైన ఫోను ఎవరు కొంటారు? తర్వాత వేరేవాళ్ళు తీసుకొని 2001 నుంచి నడుపుతున్నారు. ఊళ్ళోవాళ్ళకు అక్కర లేకపోయినా సముద్రంలో, ఎడారిలో, మంచులో ఉన్నవాళ్ళకు అక్కర తీరలేదు గదా.

ఇంత పెద్ద ఏర్పాటు ఉంది కాబట్టి పడవలో కూర్చొని హాయిగా సినిమాలు చూసుకోవచ్చు అనుకుంటున్నారా? ఆగండి. ఇక్కడొక లెక్క ఉంది.

పాత ఇరిడియం ఫోనులో ఇంటర్నెట్ వేగం సెకనుకు 2.4 కిలోబిట్లు. మన ఫోనుతో తీసిన ఒక మంచి ఫోటో 3 మెగాబైట్లు అనుకుందాము. ఒక బైటుకు 8 బిట్లు. అంటే 24,000 కిలోబిట్లు. దాన్ని 2.4తో భాగిస్తే 10,000 సెకన్లు. గంటల్లోకి మారిస్తే రెండు గంటల నలభై ఆరు నిమిషాల పైన. ఒక్క ఫోటోకు! దాంట్లో మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటికి. పైగా నిమిషానికి ఒక డాలరు చొప్పున వేసుకున్నా ఆ ఫోటో ఖరీదు మన రూపాయల్లో పదమూడు వేలు దాటుతుంది.

అందుకని పడవవాళ్ళు ఏం చేస్తారంటే, ఫోటోలు పంపరు, తెప్పించుకోరు. వాతావరణం లెక్కలను మాత్రం చిన్న ఫైలుగా కుదించి తెప్పించుకుంటారు. దాంట్లో బొమ్మలుండవు, అంకెలే. ఏ చోట గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తుంది, రేపెంత, ఎల్లుండెంత అని. 20 కిలోబైట్లు ఉంటుందనుకుంటే 160 కిలోబిట్లు, 67 సెకన్లలో దిగిపోతుంది. తెరచాప పడవకు గాలే ఇంజను గదా. ఆ 67 సెకన్ల ఫైలు చూసుకొనే తుపానును ఎటు తప్పించుకోవాలో తేల్చుకుంటారు. నాకు ఈ పాఠం రాస్తున్నప్పుడు బాగా నచ్చింది ఇదే. పంపగలిగింది కొంచెమే అయినప్పుడు ఏది ముఖ్యమో ఏరుకోక తప్పదు.

ఈ మధ్య 'స్టార్‌లింక్' అని ఒకటి వచ్చింది. 550 కిలోమీటర్ల ఎత్తున, వేలకొద్దీ చిన్న ఉపగ్రహాలు. 2019 నుంచి పంపుతున్నారు. 2022లో ఓడలకు, పడవలకు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. పీటంత బల్లపరుపు పలక ఒకటి పడవ మీద బిగిస్తారు. వేగం చాలా ఎక్కువ. మనం ఇందాక రెండు గంటల నలభై ఆరు నిమిషాలు అనుకున్న ఫోటో ఒకటి రెండు సెకన్లలో పోతుంది. అయితే దానికి కరెంటు కావాలి. నడి సముద్రంలో కరెంటు స్తంభం ఉండదు గదా! ఆ పలక 75 వాట్లు లాగుతుందనుకోండి. రోజంతా వేసి పెడితే 24 గంటలకు 1,800 వాట్ గంటలు. పడవలో బ్యాటరీలు 12 వోల్టులవి, కాబట్టి 12తో భాగిస్తే 150 ఆంపియర్ గంటలు. మామూలు పడవలో రెండు వందల ఆంపియర్ గంటల బ్యాటరీ ఉంటే గొప్ప, సీసం బ్యాటరీ అయితే అందులోనూ సగానికి మించి వాడితే పాడైపోతుంది. దీపాలకు, దారి చూపే యంత్రాలకు, చుక్కాని తిప్పే యంత్రానికి అదే బ్యాటరీ. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు నాలుగైదు వందల వాట్ గంటలు ఇస్తుంది. మబ్బు పట్టిందా, అదీ లేదు. అందుకని చాలామంది దాన్ని రోజుకు ఒకటి రెండు గంటలు వేసి, పని చూసుకొని, కట్టేస్తారు. మన హాస్టల్లో ఇన్వర్టరు మీద ఫ్యాన్లు ఆపి లైట్లు మాత్రం ఉంచినట్టే అనుకోండి.

ఇంకో కష్టం వాన. పెద్ద వాన వస్తే మన టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, సిగ్నల్ లేదు అని వస్తుంది చూశారా? సినిమా క్లైమాక్స్‌లోనే వస్తుంది ఆ వాన! టీవీ డిష్షుకు వచ్చే తరంగాలు పొట్టివి. వాన చినుకులు వాటిని మింగేస్తాయి. స్టార్‌లింక్ తరంగాలూ ఇంచుమించు ఆ జాతివే. ఇరిడియం, ఇన్మార్‌శాట్ ఫోన్ల తరంగాలు అంతకంటే పొడవైనవి, వాన వాటిని పెద్దగా ఆపలేదు. నెమ్మదైనా తడిసినా పోతాయి. అందుకని తెలిసిన నావికులు ఎంత వేగమైన పలక ఉన్నా పాత నత్త ఫోనును మాత్రం వదిలిపెట్టరు. తుపానులో ఆదుకునేది అదే.

ఆకాశం కనపడడం కూడా ముఖ్యం. శాటిలైట్ ఫోను పడవ లోపల గదిలో పనిచెయ్యదు. పైకి రావాలి, లేదంటే పైన ఒక యాంటెనా బిగించి తీగతో లోపలికి తెచ్చుకోవాలి. తెరచాప స్తంభం అడ్డం రాకూడదు. గాలికి పడవ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది కాబట్టి యాంటెనా కూడా ఒరిగిపోతుంది. భూస్థిర ఉపగ్రహాన్ని పట్టుకోవాలంటే పడవ ఎటు ఊగినా యాంటెనా మాత్రం ఒకే దిక్కు చూస్తా ఉండాలి. దానికోసం గుండ్రటి బుట్ట లోపల తనంతట తాను సర్దుకునే యంత్రం పెడతారు. పెద్ద ఓడల మీద తెల్లటి గుమ్మడికాయల్లా కనిపించేవి అవే.

ఈ ఫోన్లు మనం కూడా కొనుక్కుందామంటే కుదరదు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గర పెట్టుకోవడం నేరం. 2008 నవంబరు 26న ముంబయి మీదికి సముద్రం దారిన వచ్చిన టెర్రరిస్టులు ఇట్లాంటి ఫోనే వాడారు. ఆ తర్వాత ఇరిడియం, తురాయా ఫోన్లను మన నీళ్ళలో వాడనివ్వకుండా కట్టుదిట్టం చేశారు. తెలియక జేబులో పెట్టుకొచ్చిన విదేశీ యాత్రికులు విమానాశ్రయాల్లో పట్టుబడిన సందర్భాలున్నాయి. బి.ఎస్.ఎన్.ఎల్. 2017 నుంచి ఇన్మార్‌శాట్ ద్వారా అనుమతితో ఈ సేవ ఇస్తున్నది. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు కూడా కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది.

ఇప్పుడు అసలైన సంగతికి వస్తాను. ఇందాకటి లెక్కలన్నీ దీనికోసమే.

అభిలాష్ టామీ అని మన నౌకాదళంలో కమాండరుగా ఉండేవాడు. 2012-13లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు. 2018 జులై 1న ఫ్రాన్స్‌లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెంలో 'తురీయ' అనే చిన్న పడవలో బయలుదేరాడు. ఆ పందెం నియమం ఏమంటే యాభై ఏళ్ళ కిందటి పద్ధతిలోనే పోవాలి. దారి చూపే యంత్రాలు వాడకూడదు, నక్షత్రాలను చూసి లెక్క కట్టుకోవాలి. శాటిలైట్ ఫోను, అక్షరాలు పంపే చిన్న యంత్రం పందెం నడిపేవాళ్ళతో మాట్లాడడానికే. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో పెద్ద తుపాను. అలలు మూడు నాలుగంతస్తుల ఎత్తు. పడవ బోల్తా పడి లేచింది. స్తంభం విరిగింది. అతని వెన్నెముక దెబ్బతిన్నది. లేవలేడు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి అక్కడి నుంచి 1,900 నాటికల్ మైళ్ళు. అంటే 3,500 కిలోమీటర్లు.

అతను పడక మీదినుంచే చిన్న యంత్రంతో నాలుగైదు ముక్కల్లో కబురు పంపాడు. పడవ దొర్లింది, స్తంభం పోయింది, వెన్నుకు దెబ్బ, లేవలేను. అంతే. ఈ నాలుగు ముక్కల్లో రక్షించడానికి కావలసినదంతా ఉంది గమనించండి. లేవలేడు అన్నారు కాబట్టి తాడు విసిరితే పట్టుకోలేడు, స్ట్రెచర్ కావాలని పోయేవాళ్ళకు ముందే తెలిసిపోయింది.

ఆపద సంచీ అని పడవవాళ్ళు ఒకటి కట్టి పెట్టుకుంటారు. అందులో ఇంకో సందేశ యంత్రం, చేతి రేడియో ఉన్నాయి. సంచీ దగ్గరలోనే ఉంది. కానీ కదలలేని మనిషికి అది ఎంత దగ్గరున్నా అందదు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వస్తువు ఉంటే చాలదు, పడిపోయిన మనిషి చేతికి అందే చోట ఉండాలి.

ఇంకొక యంత్రం అతన్ని కాపాడింది. దాన్ని ఈపర్బ్ అంటారు. నీళ్ళ చెంబంత ఉంటుంది. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద 'ఇది ఫలానా పడవ, ఆపదలో ఉంది' అని కేక పెడుతూనే ఉంటుంది, కనీసం రెండు రోజులు. మాట్లాడడానికి పనికిరాదు, బిల్లూ రాదు. ఆ కేకను వినడానికి చాలా దేశాలు కలిసి ఉపగ్రహాలు పెట్టుకున్నాయి. కాస్పాస్-సార్శాట్ అని దాని పేరు. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టాయి. అప్పట్లో అమెరికాకు, సోవియట్ యూనియన్‌కు పడేది కాదు. అయినా ఆపదలో ఉన్నోడి కేక వినే పనిలో మాత్రం కలిశాయి. ఈ కబుర్లు అందుకునే మన దేశపు కేంద్రం బెంగుళూరులో ఇస్రో నడుపుతున్నది.

ఆస్ట్రేలియావాళ్ళు వెతుకులాట నడిపించారు. మారిషస్ నుంచి మన నౌకాదళం విమానం పోయి పడవను చూసింది. సెప్టెంబరు 24న 'ఒసిరిస్' అనే ఫ్రెంచి ఓడ అతన్ని స్ట్రెచర్ మీద ఎక్కించుకొని దగ్గరలోని చిన్న దీవికి చేర్చింది. అక్కడినుంచి మన యుద్ధనౌక సాత్పురా తీసుకొచ్చింది. అక్టోబరు 6న అతను దిగింది ఎక్కడనుకున్నారు? మన విశాఖపట్నంలోనే. ఆపరేషను అయింది. తర్వాత మళ్ళీ నడవడం నేర్చుకొని, 2022లో అదే పందెంలో మళ్ళీ దిగి, 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో ఒడ్డు చేరాడు.

తారిణి పడవ కూడా ఊరుకోలేదు. దిల్నా, రూప అనే ఇద్దరు నౌకాదళం ఆఫీసర్లు 2024 అక్టోబరు 2న గోవాలో బయలుదేరి 2025 మే 29న తిరిగొచ్చారు. దారిలో పసిఫిక్ సముద్రంలో 'పాయింట్ నీమో' అనే చోటు దాటారు. నేలకు అన్నిటికంటే దూరమైన చోటు అది. ఎటు చూసినా దగ్గరి నేల 2,688 కిలోమీటర్లు. అంతరిక్ష కేంద్రం నెత్తిమీదుగా పోతున్నప్పుడు అందులోని వాళ్ళు 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటారు కాబట్టి, ఆ చోట ఉన్న మనిషికి ఆకాశంలో ఉన్నవాళ్ళే దగ్గరి చుట్టాలు!

సరే, మన ఒడ్డు సంగతి? మన బోట్లవాళ్ళకు ఇరిడియం లేదు, స్టార్‌లింక్ లేదు. వాళ్ళకోసం ఇస్రో ఒక ఆపద యంత్రం చేసింది. 2010 నుంచి వాడుకలో ఉంది. మంటలు, మునక, మనిషి నీళ్ళలో పడడం, జబ్బు, ఇట్లా ఏ ఆపదో దానికి తగిన మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బెంగుళూరుకు, అక్కడినుంచి కోస్టుగార్డుకు కబురు పోతుంది. దాంట్లో ఒక లోటు ఉండేది. నొక్కినవాడికి తన కేక ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. చీకట్లో, అలల్లో, నొక్కి కూర్చోవడమే. 2024లో ఇస్రో రెండో తరం యంత్రం తెచ్చింది. ఇప్పుడు అవతలనుంచి 'అందింది' అని జవాబు వస్తుంది. తుపాను వస్తున్నదని ముందుగా చెప్పడానికి కూడా పనికొస్తుంది, అదీ వాళ్ళ భాషలోనే. ఫోనులో "వినపడతా ఉందా" అని మనం ఎందుకు అంతసేపు అడుగుతామో ఇప్పుడు నాకు అర్థమైంది. అవతల ఒకరు విన్నారని తెలిసేదాకా మాట ముందుకు సాగదు. దానికి ఒక నిమిషం పోయినా దండగ కాదు.

దీనితోపాటు లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. బోటు ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది, రెండు వైపులా చిన్న చిన్న సందేశాలు పోతాయి. దీనికి వాడే ఉపగ్రహం జీశాట్-6. దాని యాంటెనా ఆరు మీటర్ల వెడల్పు. గొడుగులా ముడుచుకొని పోయి పైన విచ్చుకుంది. పైన చెవి అంత పెద్దది కాబట్టే కింద బోటులో గొంతు చిన్నదైనా సరిపోతుంది.

ఆ జీశాట్-6ను 2015 ఆగస్టు 27న పంపింది శ్రీహరికోట నుంచే. ఆకాశం తేటగా ఉంటే రాకెట్టు పోయేటప్పుడు మనం మేడెక్కి చూస్తామే, అక్కడినుంచి. 2022 దాకా అది మన నెల్లూరు జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. ఆ దీవి రాకెట్లకంటే ముందు మన యానాదుల ఇల్లు. అడవిలో తేనె, దుంపలు, మందుమొక్కలు, మడుగులో చేపలు వాళ్ళ బతుకు. 1971లో మొదటి రాకెట్టు ఎగరడానికి ముందు ఎన్నో కుటుంబాలు ఆ చోటు వదిలి రావలసి వచ్చింది. మన పెద్దవాళ్ళు వదిలిన నేలమీదినుంచి పోయిన ఉపగ్రహం మన నాయనల బోటు కేక వింటున్నది. ఆ యంత్రం ప్రతి బోటుకూ, చిన్న బోటుకు కూడా, దక్కాలని అడిగే హక్కు మనకు అందరికంటే కొంచెం ఎక్కువే ఉందని నా అభిప్రాయం.

ఇక పని నేర్చుకుందాము. ఆపదలో కబురు చెప్పే వరస ఒకటుంది. సముద్రంలో మూడుసార్లు 'మేడే' అంటారు. ఫ్రెంచి భాషలో 'నాకు సాయం చెయ్యండి' అనే మాటనుంచి వచ్చింది. తర్వాత పడవ పేరు. వెంటనే ఎక్కడున్నామో అక్షాంశం, రేఖాంశం. తర్వాత ఏమైంది, ఎంతమంది ఉన్నారు, ఏ సాయం కావాలి. చోటు ముందు ఎందుకంటే, మధ్యలో లైను తెగిపోయినా వెతికేవాళ్ళు బయలుదేరగలరు. ఏడుపు, కథ తర్వాత. ఒడ్డునుంచి మనం కోస్టుగార్డుకు చెప్పాలంటే 1554 నంబరు. డబ్బులు పడవు. బోటు రాలేదని ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకు ఈ నంబరు తెలిసుండాలి. ఒడ్డు ఊళ్ళవాళ్ళు ఈ ఆదివారం మూడు నిమిషాల్లో ముందు ఇది చెప్పి, తర్వాత పండక్కి ఏం బట్టలని అడగండి.

మన చోటు కూడా తెలుసుకోండి. ఆత్మకూరు సుమారు 14.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఉదయగిరి సుమారు 14.9, 79.3. అక్షాంశంలో ఒక డిగ్రీ తప్పు చెప్తే వెతికేవాళ్ళు 111 కిలోమీటర్ల అవతలికి పోతారు. మన ఉదయగిరిలో పడిపోయినోడి కోసం నెల్లూరు దాటి వెతికినట్టు ఉంటుంది.

రెండు లెక్కలు ఇస్తున్నాను. జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, సోమవారం ప్రార్థన లోపల లైబ్రరీ కిటికీలో ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. సరైనవి వచ్చే సంచికలో పేర్లతో వేస్తాము.

1. ఒక పడవలో ఇంటర్నెట్ పలక 60 వాట్లు లాగుతుంది. రోజుకు రెండు గంటలే వేస్తారు. 12 వోల్టుల బ్యాటరీలోనుంచి రోజుకు ఎన్ని ఆంపియర్ గంటలు ఖర్చవుతుంది?

2. ఒక బోటు 14 డిగ్రీల 02 నిమిషాల దగ్గర ఉంది. కంగారులో అంకెలు తారుమారై 14 డిగ్రీల 20 నిమిషాలు అని చెప్పారు. రేఖాంశం సరిగానే చెప్పారు. సాయానికి పోయినవాళ్ళు ఎన్ని కిలోమీటర్ల దూరంలో వెతుకుతుంటారు? (నాటికల్ మైలు ఎంతో పైన రాశాను.)